సముద్రం లేని వైపు

పందొమ్మిదేళ్లు
బీచ్ రోడ్డులో ఆటో ఎక్కినప్పుడల్లా
సముద్రం లేని వైపే కూర్చున్నాను.
గాలికి వైపులుండవు కదా,
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని.
డ్రైవరు అద్దంలోంచి చూస్తే
జలుబని చెప్పేదాన్ని.

తీతుగాడికి అప్పుడు పదమూడు.
లాసన్స్ బే దగ్గర చెప్పులు ఇసకలో విడిచి
"అప్పా, మోకాళ్ల దాకే" అన్నాడు.
ఆ మాట ఇప్పటికీ నా చెవిలో తడారలేదు.
చెప్పులు నేను మోసుకొచ్చాను.
మూడోరోజు పొద్దున్న
జాలారిపేట వాళ్లు వాణ్ణి మోసుకొచ్చారు.

అమ్మ ప్రార్థన మానలేదు. నేనూ మానలేదు.
బాప్తిస్మం దగ్గరే వచ్చింది చిక్కు.
కంచరపాలెంలో మా సంఘమంటే
రేకుల షెడ్డు, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు,
రోజు విడిచి రోజు కుళాయి.
తొట్టి ఎక్కడిది?
మునగాలంటే సముద్రమే.

ఎనిమిదిసార్లు పేరిచ్చాను.
ఎనిమిదిసార్లూ జ్వరం వచ్చింది.
అబద్ధం కాదు, థర్మామీటరు చూపించేది.
భయం చెప్పినట్టు వింటుంది ఒళ్లు.
తెల్లచీర ఇస్త్రీ చేయించీ చేయించీ
మడతల దగ్గర పసుపెక్కింది.

ఎజ్రా పాస్టరుగారు ఒక్కసారీ కసరలేదు.
"దేవుడికి తొందరేటమ్మా" అనేవారు.
అది దయ అనుకున్నాను.

తొమ్మిదోసారి
ఫిబ్రవరి ఆదివారం, అయిదున్నర, అదే లాసన్స్ బే.
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతోంది.
వంతు రాక లంగరేసిన ఓడలు
బస్టాండులో కూర్చునే నిద్రపోయేవాళ్లలా ఉన్నాయి.
హాస్టల్లో నా బదులు నూకరత్నం
రెండొందల మందికి ఉప్మా కలుపుతోంది.
ఉప్పెక్కువ వేస్తుందేమోనని అక్కడా భయమే.

నీళ్ల అంచున పాస్టరుగారు ఆగిపోయారు.
పంచె ఎగ్గట్టారు, దించారు, మళ్లీ ఎగ్గట్టారు.
అప్పుడు చూశాను ఆయన పిక్కలు.
ఆ వణుకు చలిది కాదు.

"తబితమ్మా, నాది పాడేరు అవతల కొండ.
ముప్పయ్యేళ్లొచ్చీదాకా సముద్రమే సూళ్లేదు.
ఈత రాదు నాకు.
నూటనలభై మందిని ముంచినాను.
నూటనలభై సార్లూ సచ్చిపోతాననుకునే దిగినాను."

నవ్వొచ్చేసింది నాకు.
తీతు పోయాక ఆ నీళ్ల ఎదుట
అదే మొదటి నవ్వు.

"మరెలా దిగినారయ్యా?"
వాక్యం చెప్తారనుకున్నాను.
"పక్కోళ్ల సెయ్యి పట్టుకుంటే దిగొచ్చు" అన్నారు.

దిగాం.
ఎవరు ఎవర్ని పట్టుకున్నామో తెలీదు.
చీలమండలు. పిక్కలు.
మోకాళ్ల దగ్గర ఆగాను,
వాడు మాటిచ్చిన చోట.

ప్రభువా, అన్నాను. ఆపైన ఏమీ రాలేదు.
ఏళ్ల తరబడి నేర్చిన పొడుగాటి ప్రార్థనలన్నీ
ఒడ్డున చెప్పుల దగ్గరే ఉండిపోయాయి.
ఒకప్పుడు తుఫానులో, పడవలో
తలగడ మీద నిద్రపోయినవాడు
ఆ పూట లేచి అలల్ని గద్దించలేదు.
అలలు అలల్లాగే వచ్చాయి.
నడుం లోతులో, నా భయానికి అవతలి పక్కన,
తనూ తడుస్తూ నిలబడ్డాడనిపించింది.
చూడలేదు.
చూశానని సాక్ష్యం చెప్పను.

మునక.

లోపల నిశ్శబ్దం ఉంటుందనుకున్నాను.
ఎక్కడో ఓడ ఇంజను గుడగుడ,
ఇసక చిటపట,
నా గుండె.
తీతు ఆఖరున విన్నది ఇదేనా?
అయితే వాడు ఒంటరిగా లేడు.
ఎలా తెలిసిందని అడక్కండి.

లేచేసరికి
ముక్కు నిండా ఉప్పు, పళ్లల్లో ఇసక.
అమ్మ సత్యవేదమ్మ తువ్వాలు నాకివ్వడం మర్చిపోయి
దాంతో తనే కళ్లు తుడుచుకుంటోంది.
పాస్టరుగారు నా భుజం ఆసరాగా దగ్గుతున్నారు,
అల ఆయన్నే ఎక్కువ ముంచింది.

భయం పోయిందా అంటే,
తడిచీరలాగే ఒంటికి అంటుకుని
ఇంటిదాకా వచ్చింది.
పిండి, ఆరేశాను.

తిరుగు ఆటోలో
అమ్మ అలవాటుగా జరిగి
నాకు కొండ వైపు చోటు వదిలింది.
"నువ్వుండమ్మా అక్కడ" అని
ఇటు ఎక్కాను.
పార్కు దాటేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను.
సబ్‌మెరైన్ దగ్గర
ఒక కన్ను తెరిచాను.